కుళాయి కారితే ప్లంబర్‌ను పిలిచాను, నాన్నగారు అన్నం మానేశారు

మూడో_అంతస్తు · 17 జనవరి 2025, రాత్రి 10:42

పండగ వెళ్లి రెండు రోజులు కాలేదు, ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నగారికి 74 ఏళ్లు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి, మెకానిక్‌గానే రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం అమ్మ పోయాక ఊళ్లో ఇంటికి తాళం వేసి ఆయన్ని హైదరాబాద్‌కు, మా ఫ్లాట్‌కు తెచ్చుకున్నాం. బాగానే చూసుకుంటున్నామని నా నమ్మకం. ఆయనకు వేరే గది ఉంది. వేళకు మందులు, మెత్తగా వండిన అన్నం, నెలనెలా బీపీ పరీక్ష. ఏ పనికి లేచినా ఇంటిల్లిపాదీ ఒకటే మాట అంటాం: ‘మీకెందుకు, కూర్చోండి.’

మొన్న కనుమ నాడు వంటింటి కుళాయి కారడం మొదలుపెట్టింది. ఇంటి నిండా చుట్టాలు. యాప్‌లో చూసి ప్లంబర్‌ను పిలిపించాను. వాషర్ మార్చి, పండగ రోజని 450 తీసుకుని పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. నాన్నగారు హాల్లో కుర్చీలో కూర్చుని అంతా చూశారు. ఆయన మంచం కింద ఒక రేకు పెట్టె ఉంటుంది. అందులో పానాలు, స్క్రూడ్రైవర్లు, హార్లిక్స్ సీసా నిండా వాషర్లు. ఊరి నుంచి వచ్చేటప్పుడు బట్టలకంటే ముందు సర్దుకున్నది ఆ పెట్టెనే.

కనుమ నాడు మినుము తినాలంటారు, ఆయన గారె ముట్టలేదు. రాత్రికీ ఆకలి లేదన్నారు. గదిలోకి వెళ్లి అడిగితే, ‘ఇంట్లో నేనున్నానని నీకు గుర్తు రాలేదా?’ అన్నారు. మిమ్మల్ని శ్రమ పెట్టడం ఎందుకని అనబోతే గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఇవాళ మాట్లాడుతున్నారు కానీ, ముక్తసరిగా. నేను చేసిన తప్పేమిటో సరిగ్గా అర్థం కావడం లేదు. ఇలాంటిది మీ ఇళ్లలో ఎవరికైనా ఎదురైందా?

కందిపొడి · 17 జనవరి, రాత్రి 11:05

450 పోయినందుకేమో చూడండి! మా నాన్నగారైతే దానికే వారం రోజులు మాట్లాడరు.

సరదాకు అన్నాను లెండి. ఏదో ఒక చిన్న పని కల్పించి ఆయన చేతిలో పెడుతూ ఉండండి, సర్దుకుంటారు.

లెక్కల_మాస్టారు · 18 జనవరి, ఉదయం 5:20

కందిపొడి గారూ, ఆ ‘కల్పించి’ దగ్గరే వస్తుంది చిక్కు.

నాకు 71. నా కోడలు మంచి పిల్ల. పోయిన నెల ఒక బేసిన్ నిండా పచ్చి బఠాణీలు తెచ్చి, ‘మామయ్యగారూ, కాస్త ఒలిచిపెడతారా, నాకు తీరిక లేదు’ అంది. శ్రద్ధగా కూర్చుని గంటన్నర ఒలిచాను. సాయంత్రం మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిస్తే పై అరలో ఒలిచిన బఠాణీల పాకెట్ ఉంది, కిలోది. ఆ అమ్మాయిని ఏమీ అనలేదు. అనేందుకు ఏముంది? నా మంచి కోరి చేసిన పనే. కానీ చిన్నపిల్లవాడికి బొమ్మ స్టీరింగు ఇచ్చి కారు నడపమన్నట్టు అనిపించింది. అక్కరలేని పని ఇస్తే ముసలివాళ్లకు తెలిసిపోతుంది. మాకు చూపు మందగించింది గానీ, అది మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

నేను ఉన్నత పాఠశాలలో 33 ఏళ్లు లెక్కలు చెప్పాను. వీడ్కోలు సభలో శాలువా కప్పి, మాస్టారు లేని లోటు తీర్చలేనిదని ఏడుగురు మాట్లాడారు. మర్నాడు తొమ్మిదిన్నరకు బడి గంట మా ఇంటి దాకా వినిపించింది. మధ్యాహ్నానికి కొత్తాయన వచ్చి చేరాడని తెలిసింది. మంచిదే, పిల్లల పాఠాలు ఆగకూడదు. అయినా ఆ గంట మోగినప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు. లేచి గోడ గడియారానికి కీ ఇచ్చాను. అది బ్యాటరీ గడియారమని తర్వాత గుర్తొచ్చింది.

ఇప్పుడు నన్ను ఏటా క్రమం తప్పకుండా అడిగేది ఖజానా కార్యాలయం ఒక్కటే, బతికే ఉన్నారా అని. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ ధ్రువపత్రం వచ్చినప్పటి నుంచి వేలిముద్ర వేస్తే చాలంటున్నారు. సుద్దముక్కలు అరగదీసిన వేళ్లు నావి. పోయినేడు యంత్రం రెండుసార్లు నన్ను ఒప్పుకోలేదు. అక్కడి కుర్రాడు తడిగుడ్డతో వేలు తుడిచి, ‘తాతగారూ, ఇంకోసారి గట్టిగా నొక్కండి’ అన్నాడు. మూడోసారికి బతికాను.

మూడో అంతస్తు గారూ, మీరు డబ్బు వృథా చేశారని కాదు ఆయన బాధ. తన విద్య ఉన్న చోట, తన కళ్ల ముందే, పదడుగుల దూరంలో తనను దాటిపోయి ఫోను తీశారు. అదీ సంగతి.

నడక_నేర్పేదాన్ని · 18 జనవరి, ఉదయం 9:12

మాస్టారి మాట కాదనను గానీ, కొడుకు పక్షాన కూడా ఒకరు మాట్లాడాలి. నేను ఫిజియోథెరపిస్టును. తుంటి ఎముక విరిగినవాళ్లను మళ్లీ నడిపించడం నా పని. ఎలా పడ్డారని అడిగితే వినిపించే కథలు నాలుగైదే: బల్బు మార్చడానికి స్టూలు ఎక్కాను, అటక మీది డబ్బా అందుకోబోయాను, తడి బాత్రూమ్‌లో జారాను, రాత్రి లైటు వేయకుండా లేచాను. సింకు కింద చాలాసేపు వంగి ఉండి ఒక్కసారి లేస్తే కళ్లు తిరుగుతాయి, బీపీ మందు వేసుకునేవాళ్లకు మరీను. ‘కూర్చోండి’ అనే పిల్లలందరూ ఊరికే అనడం లేదు. ఒక్క పడటంతో ఇల్లంతా ఆరు నెలలు ఎలా మారిపోతుందో చూసినవాళ్లు అంటున్నారు.

అలాగని పొద్దస్తమానం కుర్చీలో కూర్చోబెట్టినా కాళ్లు సన్నబడతాయి. సన్నబడిన కాళ్లే ముందు పడేస్తాయి. నేను ఇళ్లలో చెప్పేది ఇంతే: ఎక్కడం, దిగడం, బరువెత్తడం మీరు తీసుకోండి. చూడటం, చెప్పడం, బిగించడం ఆయనకు వదలండి. పీట వేసి కూర్చోబెడితే కుళాయి విప్పడం 74 ఏళ్ల మెకానిక్‌కు కష్టమేమీ కాదు.

పీహెచ్‌డీ_పక్షి · 18 జనవరి, మధ్యాహ్నం 1:30

మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, సలహా అడిగితే పుస్తకాలు తీసే జబ్బు ఉంది, క్షమించాలి.

మీరంతా మాట్లాడుతున్న దానికి ఆ శాస్త్రంలో ‘మ్యాటరింగ్’ అని పేరు. మోరిస్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, క్లెయిర్ మెకల్లో కలిసి 1981లో దీని గురించి రాశారు. విచిత్రమేమిటంటే వాళ్లు పరిశీలించింది వృద్ధులను కాదు, కౌమారంలో ఉన్న పిల్లలను. మనల్ని ఎవరైనా గమనిస్తున్నారా, మన మంచిచెడ్డలు ఎవరికైనా పట్టాయా, మన మీద ఎవరైనా ఆధారపడి ఉన్నారా అని మూడు పాయలుగా విడదీశారు. మన మీద ఎవరూ ఆధారపడకపోవడమే పదవీ విరమణలోని బాధ కావచ్చని ఆ వ్యాసంలోనే అన్నారు.

మూడో అంతస్తు గారి ఇంట్లో మొదటి రెండూ నిండుగా ఉన్నాయి. బీపీ పరీక్ష, మెత్తటి అన్నం, వేరే గది, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మూడోది ఖాళీ.

దీనికి దగ్గరగా ఇంకొకటి. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో ప్రయోగం చేశారు. ఒక అంతస్తులో ఉన్నవాళ్లకు, మీ గది ఎలా ఉండాలో, సినిమా ఏ రోజు చూడాలో మీరే నిర్ణయించుకోండని చెప్పి, తలా ఒక మొక్క ఇచ్చి దాన్ని మీరే చూసుకోవాలన్నారు. ఇంకో అంతస్తులో కూడా మొక్కలు ఇచ్చారు గానీ, నీళ్లు నర్సులు పోస్తారని చెప్పారు. ఏడాదిన్నర తర్వాత వెళ్లి చూస్తే మొదటి గుంపులో 15 శాతం మంది, రెండో గుంపులో 30 శాతం మంది చనిపోయి ఉన్నారు.

తెలుగులో ‘మ్యాటరింగ్’కు సరైన మాట దొరకలేదు. ‘లెక్కలో ఉండటం’ అని నాలో నేను అనుకుంటూ ఉంటాను.

సందేహాల_రావు · 18 జనవరి, మధ్యాహ్నం 2:14

మొక్కకు నీళ్లు పోస్తే ఆయుష్షు రెట్టింపవుతుందా? అలాగైతే మా వీధి మాలి నూట యాభై ఏళ్లు బతకాలి. ఎంతమంది మీద చేశారు ఆ ప్రయోగం?

పీహెచ్‌డీ_పక్షి · 18 జనవరి, మధ్యాహ్నం 2:40

మీ అనుమానం సబబే. మొత్తం కలిపి వందమంది కూడా లేరు. మరణాల తేడా విషయంలో గణాంకాల లెక్క తప్పిందని, ముందు చెప్పినంత గట్టి తేడా కాదని రచయితలే తర్వాత సవరణ వేసుకున్నారు. ఆ సవరణను చాలామంది చెప్పరు, నేనూ మీరు అడిగేదాకా చెప్పలేదు. అదీగాక అక్కడ పని చేసింది మొక్కా, సొంత నిర్ణయమా అన్నది తేల్చలేం. ప్రాణాల సంగతి పక్కన పెట్టినా, మొదటి గుంపువాళ్లు చురుగ్గా, హుషారుగా ఉన్నారన్నది మాత్రం ఆ పరిశీలనలో స్పష్టంగానే కనిపించింది.

ఐదింటి_కాఫీ · 18 జనవరి, రాత్రి 9:50

పక్షి బాబూ, తెలుగులో మాట లేకపోవడమేమిటి? పెద్దదిక్కు అనేవాళ్లం. ‘ఆ ఇంటికి ఆవిడే పెద్దదిక్కు’ అంటే నువ్వు చెప్పిన మూడూ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు ఆ మాట ఎవరైనా పోయినప్పుడే వాడుతున్నారు, పెద్దదిక్కును కోల్పోయారని.

నాకు 68. ఇక్కడ మగవాళ్ల రిటైర్మెంటు కష్టాలు చదువుతుంటే కొంచెం నవ్వూ, కొంచెం ఒళ్లుమంటా వచ్చాయి. నన్ను ఎవరూ ‘కూర్చోండి’ అనలేదు నాయనలారా. పొద్దున్న ఐదింటికి లేచి ఇద్దరు మనవళ్లకు, కొడుకుకు, కోడలికి నాలుగు డబ్బాలు కడతాను. ఇడ్లీ ఒకడికి, చపాతీ ఇంకొకడికి, కోడలికి కొర్రల అన్నం. ఏడున్నరకు స్కూలు బస్సు. వాళ్లు వచ్చేలోపు బట్టలు, కూరగాయలు. నా మీద ఆధారపడటం గురించి అడిగితే ఈ ఇల్లు మొత్తం నా మీదే ఆధారపడి ఉంది. ఆ లెక్క ప్రకారం నేను మహా సంతోషంగా ఉండాలి.

పోయిన వర్షాకాలం జ్వరం వచ్చింది. 102. పొద్దున్న లేవలేకపోయాను. నా కొడుకు గుమ్మం దగ్గర నిలబడి, ‘అయితే ఇవాళ డబ్బాలు ఎలా అమ్మా?’ అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. సాయంత్రం డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు, పళ్లు తెచ్చాడు. కానీ మొదట నోట్లోంచి వచ్చిన మాట డబ్బాల గురించి. ఆరు నెలలైంది, నాకు ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. పనిమనిషి రాకపోతే కూడా అదే ప్రశ్న వస్తుంది కదా.

కాబట్టి పని ఉంటే చాలు మనసు నిండుతుందని మాత్రం రాయకండి. అవసరపడటం వేరు. మా ఆయన బతికి ఉండగా నేను పుట్టింటికి వెళ్తే మూడో రోజుకే ఉత్తరం వేసేవారు. అందులో ఒక్క పనిమాటా ఉండేది కాదు. పెరట్లో సన్నజాజి పూసింది, నువ్వు లేవు, అని రాశారు ఒకసారి.

లెక్కల_మాస్టారు · 19 జనవరి, ఉదయం 5:05

అమ్మా, మీ ముందు నా బఠాణీల గోల చిన్నబోయింది. మా ఇంట్లో ఆవిడ కూడా ఐదింటికే లేస్తుంది. ఇవాళ కాఫీ నేను పెట్టాను. పంచదార ఎక్కువైందట.

డాలస్_గోంగూర · 19 జనవరి, ఉదయం 8:33

ఐదింటి కాఫీ అమ్మగారూ, మీ మాట చదివాక మా అత్తగారికి ఫోన్ చేశాను. నిజం చెప్పాలంటే భయపడి చేశాను.

మాకు ఇద్దరు పిల్లలు. రెండు కాన్పులకూ ఒకసారి మా అమ్మ, ఒకసారి అత్తగారు వచ్చి ఆరేసి నెలలు ఉన్నారు. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు కాబట్టి ఇక్కడి తెలుగు ఇళ్లలో ఇదొక వంతుల లెక్క, వీళ్లు విమానం దిగేసరికి వాళ్లు ఎక్కుతారు. మేమిద్దరం ఆఫీసులకు వెళ్లిపోతాం. కారు నడపడం రాదు, వీధిలో మనిషి కనిపించడు. పసిబిడ్డ తప్ప ఇంకో గొంతు వినిపించదు. మా అత్తగారు ఒకరోజు, ‘ఈ ఇంట్లో నన్ను తలుచుకునేది డైపరు నిండినప్పుడే’ అని నవ్వుతూ అన్నారు. నవ్వుతూ అన్నారు కాబట్టి నేనూ నవ్వేశాను. బుద్ధిలేనిదాన్ని.

ఆమెను మార్చింది మేం కాదు. వెనక పెరట్లో రెండు మడులు తవ్వి గోంగూర, చుక్కకూర వేశారు. టెక్సాస్ ఎండకు గోంగూర ఏపుగా పెరిగింది. మా ఇంటికి వచ్చిన ఒక స్నేహితురాలు చూసి, గింజలు ఎక్కడివి, ఎంత లోతు వేయాలి, పురుగు పడితే ఏం చల్లాలి అని అడిగింది. తర్వాత ఇంకొకరు. చివరకు శనివారం పొద్దున్న ఐదారుగురు నోటు పుస్తకాలతో వచ్చేవారు. వాళ్లెవరికీ అత్తగారి వంటతోగానీ, పిల్లల పెంపకంతోగానీ పని లేదు. ఆమెకు తెలిసినది కావాలి, అంతే. తిరిగి వెళ్లేటప్పుడు విమానాశ్రయానికి నలుగురు వచ్చారు. మా అమ్మానాన్నలు వెళ్లినప్పుడు కూడా అంతమంది రాలేదు.

కాలువగట్టు · 19 జనవరి, మధ్యాహ్నం 12:18

మాది కృష్ణా జిల్లా. గ్రామ సచివాలయంలో పని చేస్తాను. ఒకటో తేదీన ఇంటింటికీ వెళ్లి పింఛను ఇవ్వడం నా పనుల్లో ఒకటి. 2024 జులైలో వృద్ధుల పింఛను 4000 చేశారు, ఆ నెల పాత మూడు నెలల పెంపు కూడా కలిపి 7000 ఇచ్చాం.

ఒక ముసలమ్మ ఉంది. కొడుకు, కోడలు కూలికి పోతారు. మేం వెళ్లేసరికి ఇంకా చీకటి. అప్పటికే తల దువ్వుకుని, అరుగు మీద నీళ్లు చల్లి, నాకోసం కుర్చీ వేసి ఉంచుతుంది. ఊళ్లో అందరూ ‘ఓ ముసలమ్మా’ అనేవాళ్లే. నేను రికార్డు చూసి ఇంటిపేరుతో సహా పేరు చదువుతాను కదా, ఆ చదివేటప్పుడు కొంచెం నిటారుగా కూర్చుంటుంది. నేను గమనించింది అదే.

పోయిన నెల డబ్బు ఇచ్చాక రవికె లోపలి నుంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించింది. పుస్తకాల షాపు రసీదు, మనవరాలివి, 640 రూపాయలు. నాకెందుకు చూపిస్తున్నావమ్మా అంటే, ‘రాసుకోండి బాబూ, నా డబ్బే’ అంది. ప్రభుత్వానికి లెక్క చెప్పాలనుకుందేమో మొదట నవ్వొచ్చింది. తర్వాత తోచింది, ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని ఆమె కోరిక. నా డైరీలో రాశాను.

చెట్టుకింద_ప్లీడరు · 19 జనవరి, సాయంత్రం 6:45

చర్చ మంచి చోటికి పోతోంది, నేను కోర్టు కాగితాలు తెచ్చి పాడుచేస్తాను.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆర్డీవో స్థాయి అధికారి దగ్గర ట్రిబ్యునల్, నెలకు 10,000 దాకా మనోవర్తి, బాగా చూసుకుంటానని రాయించుకుని తర్వాత మొహం చాటేస్తే 23వ సెక్షన్ కింద ఆ దానపత్రం రద్దు. ఈ నెల 2వ తేదీన సుప్రీంకోర్టు కూడా మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో ఈ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలని చెప్పి, కొడుకుకు రాసిన దానపత్రాన్ని రద్దు చేసింది. సాయం కావలసినవాళ్లకు 14567 నంబరు ఉంది, దేశమంతటికీ అదే.

ఇక నేను చూసినది. ఒక పెద్దాయన కొడుకు మీద ఫిర్యాదు పెట్టాడు. విచారణలో తేలిందేమిటంటే తిండికి లోటు లేదు, మందులకు లోటు లేదు. ‘మరి ఎందుకు వచ్చారు?’ అని అధికారి అడిగారు. ‘నన్ను అడగకుండా దొడ్లో వేపచెట్టు కొట్టేశాడండీ’ అన్నాడు. పొలం కొడుకు పేరున రాశాక, దొడ్డి కూడా కొడుకుదే. చట్టప్రకారం చెట్టు కొట్టడానికి ఆయన్ని అడగనక్కరలేదు. చట్టంలో దానికి సెక్షన్ లేదు. అధికారి కొడుకును పక్కకు పిలిచి ఏదో చెప్పి పంపేశారు.

నిర్వాహకుడు · 19 జనవరి, రాత్రి 8:00

ఇద్దరు సభ్యులు తమ తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామా పెట్టారు, తీసేశాను. ‘వృద్ధాశ్రమాలు మంచివా చెడ్డవా’ అన్న గొడవను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ విషయం మీదే ఉండండి.

సందేహాల_రావు · 20 జనవరి, ఉదయం 10:25

సరే, అందరి కష్టాలూ విన్నాం. పని ఇస్తే బఠాణీలు, ఇవ్వకపోతే కుళాయి, ఎక్కువైతే నాలుగు డబ్బాలు. ఎటు తిరిగినా తప్పే అయితే పాపం పిల్లలు ఏం చేయాలి?

పీహెచ్‌డీ_పక్షి · 20 జనవరి, ఉదయం 11:50

సూటి సమాధానం నా దగ్గర లేదు గానీ, ఒక చోట జరిగినది చెబుతాను. జింబాబ్వే రాజధాని హరారేలో ఎంబారే అనే పేదల పేట ఉంది. 2006లో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడికి అక్కడ వైద్యులు లేరు, గదులు లేవు. ఆరోగ్య కార్యకర్తలుగా ఉన్న 14 మంది అవ్వలు ఉన్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చి, ఆస్పత్రి ఆవరణలో ఒక బల్ల వేసి కూర్చోబెట్టారు. దిగులుతో వచ్చినవాళ్లు ఆ బల్ల మీద అవ్వ పక్కన కూర్చుని చెప్పుకుంటారు. దిగులును వాళ్ల భాషలో ‘అతిగా ఆలోచించడం’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. అవ్వలూ వైద్యపు మాటలు పక్కన పెట్టి ఆ మాటే వాడతారు. 2016లో అచ్చయిన పరీక్షలో, అవ్వల దగ్గర కూర్చున్నవాళ్లకు ఆరు నెలల తర్వాత మామూలు చికిత్స పొందినవాళ్లకంటే దిగులు బాగా తగ్గిందని తేలింది.

రావు గారూ, నాకు అందులో నచ్చింది వచ్చినవాళ్ల సంగతి కాదు. ఆ అవ్వలకు కాలక్షేపానికి ఏదో పని చూపిద్దామని ఎవరూ అనుకోలేదు. నిజంగానే వాళ్లు తప్ప వేరే దిక్కు లేదు.

లెక్కల_మాస్టారు · 20 జనవరి, మధ్యాహ్నం 3:10

మన రచ్చబండ కూడా అదే బల్ల. దాని మీద కూర్చున్నవాళ్లను పనీపాటా లేనివాళ్లని మనమే అన్నాం.

మూడో_అంతస్తు · 27 జనవరి, రాత్రి 9:30

ఇన్ని రోజులు రాయనందుకు మన్నించాలి. అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. ఐదింటి కాఫీ అమ్మగారి మాట నా భార్యకు కూడా చదివి వినిపించాను. వాళ్లమ్మ కూడా తమ్ముడి ఇంట్లో డబ్బాలు కడుతోంది.

జరిగింది చెబుతాను. శనివారం పొద్దున్న ఆ కుళాయి మళ్లీ కారింది. (రావు గారూ, మీరు అడగకముందే చెబుతున్నాను, నేను కావాలని పాడుచేయలేదు. మాస్టారి బఠాణీలు చదివాక ఆ ధైర్యం లేదు.) నాకు నిజంగానే కోపం వచ్చింది. నాన్నగారి గదిలోకి వెళ్లి, ‘వాడు 450 తీసుకుని పది రోజులు కాలేదు, ఏం చేసి పోయాడు నాన్నా?’ అని అడిగాను. బుజ్జగించడానికి అడగలేదు. నాకు తెలియక అడిగాను.

ఆయన లేచి వచ్చి కుళాయిని అటూ ఇటూ తిప్పి, దానికి చెవి దగ్గరగా పెట్టి విన్నారు. ఇంజన్ వినేవారట అలాగే, డిపోలో. ‘వాషర్ మంచిదే వేశాడు. అది కూర్చునే చోటు గాటు పడింది. ఎన్ని కొత్త వాషర్లు వేసినా ఆ గాటు కోసేస్తుంది’ అన్నారు. పెట్టె తెచ్చాను. పీట వేశాను (నడక నేర్పేదాన్ని గారికి కృతజ్ఞతలు). పానా నా చేతికిచ్చి, ‘నువ్వు విప్పు, నేను చెబుతాను’ అన్నారు. ముప్పావుగంట పట్టింది. నాకు రెండుసార్లు తిట్లు పడ్డాయి, చిన్నప్పుడు సైకిల్ చైన్ ఎక్కించేటప్పుడు పడినట్టే. లోపలి అంచును సన్నటి గరుకు కాగితంతో నున్నగా రుద్దారు. రుద్దేటప్పుడు మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు.

అన్నట్టు, చెప్పడం మరిచాను, ఆ రోజు భోజనం దగ్గర పప్పులో ఉప్పు తక్కువైందని గొడవ చేశారు. రెండేళ్లలో మా ఇంట్లో ఆయన వంటకు పేరు పెట్టడం అదే మొదటిసారి. నా భార్య లోపలికి వెళ్లి నవ్వుకుంది.

ఐదింటి_కాఫీ · 27 జనవరి, రాత్రి 9:58

పప్పుకు పేరు పెట్టారంటే ఇంక ఆ ఇల్లు ఆయనదైనట్టే. కోడలిని కాస్త ఓపిక పట్టమను.

మా వాడికి ఈ చర్చ లింకు పంపాను. చదివాడో లేదో తెలియదు. ఆదివారం మాత్రం పిల్లల్ని తీసుకుని బయట తిని వస్తామన్నాడు. నన్ను రమ్మన్నాడు. నేను వెళ్లలేదనుకోండి, కాళ్లు నొప్పి. రమ్మన్నాడు.

కందిపొడి · 28 జనవరి, రాత్రి 7:15

మూడో అంతస్తు గారూ, సిగ్గు విడిచి అడుగుతున్నాను. మా బాత్రూమ్ కుళాయి కూడా నెల నుంచి కారుతోంది. వాషర్ రెండుసార్లు మార్పించాం. మీ నాన్నగారిని ఒక్క మాట అడిగి చెబుతారా?

మూడో_అంతస్తు · 28 జనవరి, రాత్రి 7:52

అడిగాను. కింద ముక్కులోంచి కారుతోందా, పైన పిడి దగ్గరా అని అడుగుతున్నారు. కట్టేసినప్పుడా, తిప్పినప్పుడా? చుక్కచుక్కకూ మధ్య ఎంతవరకు లెక్కపెట్టవచ్చో కూడా చూసి చెప్పమన్నారు.

కందిపొడి · 28 జనవరి, రాత్రి 8:20

పిడి దగ్గర. తిప్పినప్పుడు మాత్రమే. నాలుగు లెక్కపెట్టేలోపు ఒక చుక్క.

మూడో_అంతస్తు · 28 జనవరి, రాత్రి 8:31

అయితే వాషర్ జోలికే పోవద్దంటున్నారు, రెండుసార్లు మార్చింది దండగేనట. పిడి కింద ఉండే గ్లాండ్ నట్టును పానాతో పావు మలుపు బిగించి చూడమన్నారు. అంతకు మించి తిప్పితే పిడి బిగుసుకుపోతుందట. ఎలా ఉందో రేపు పొద్దున్న ఎనిమిదిలోపే చెప్పమంటున్నారు. తర్వాత ఆయన ఇంట్లో ఉండరు, బి బ్లాకులో ఎవరిదో మోటారు మోగుతోందట, చూడటానికి వెళ్తున్నారు.